అలగడం చేతకాని మగపెళ్ళివారు

ఇంజనీరింగ్ కాలేజీలో చేరే ముందు మా ఇంట్లో నాకు ఇచ్చిన తర్ఫీదు చూస్తే, నన్ను చదువుకు పంపుతున్నారో సరిహద్దుకు పంపుతున్నారో చెప్పడం కష్టం. సీనియర్ ఎదురైతే మొహం వంక కాదు, చొక్కా గుండీల వంక చూడాలి. పేరడిగితే ఇంటిపేరుతో సహా చెప్పాలి. పాడమంటే పాడాలి. ఏడుపొచ్చినా ఆపుకోవాలి, ఏడిస్తే వాళ్ళకు ఇంకా హుషారొస్తుంది. ఇవన్నీ నేర్పింది మా అన్నయ్య. కొన్నేళ్ళ క్రితం వాడు వేరే కాలేజీలో ఇంజనీరింగ్‌లో చేరి, మొదటి ఏడాది సగంలోనే పెట్టె సర్దుకుని వచ్చేశాడు. ర్యాగింగ్ అన్నాడు. ఏం చేశారో అమ్మ ఎంత బతిమాలినా చెప్పలేదు. ఆటోనగర్‌లో లారీల గేర్‌బాక్సులు విప్పే షెడ్డులో పనికి కుదిరాడు. ఎవరైనా కాలేజీ కబుర్లు ఎత్తితే లేచి బయటికి పోయేవాడు.

నాకు సీటొచ్చినప్పుడు అమ్మ ససేమిరా అంది. నచ్చజెప్పింది అన్నయ్యే. కాకపోతే ఒక షరతు పెట్టాడు.

"ఎవడన్నా చెయ్యి చేసుకున్నా, ఓ మాట తూలినా నాకు మెసేజ్ పెట్టు. వచ్చి తీసుకెళ్ళిపోతా. ఇంక ఆ కాలేజీ లేదు, ఏం లేదు. నాతోపాటు షెడ్డుకొస్తావ్."

అంటే నా చదువంతా ఒక్క మెసేజ్ మీద ఉందన్నమాట. నాకేమో చదవాలని పిచ్చి కోరిక. గేర్‌బాక్సు చూస్తే ఆవలింతలు తప్ప ఇంకేం రావు.

మా కాలేజీ బందరు రోడ్డు మీద, కంకిపాడు దాటాక, వరిచేల మధ్య ఉంది. గుండెలు చిక్కబట్టుకుని హాస్టల్లో దిగాను. తీరా చూస్తే సీనియర్లే మమ్మల్ని చూసి గోడకు అతుక్కుపోయి దారిచ్చేవారు. జూనియర్‌తో పెదవి విప్పితే సస్పెన్షనేనని ప్రిన్సిపాల్ గారు వాళ్ళను హడలగొట్టారట. మెస్‌లో వాళ్ళు ఆ చివర, మేం ఈ చివర. ఉప్పు డబ్బా కావాలన్నా సైగలే. ర్యాగింగ్ లేదు, బాగానే ఉంది. మనుషులు కూడా లేరు. పక్కగదిలో ఎవరుంటున్నారో నాకు తెలియదు.

అలా ఉండగా ఒక ఆదివారం మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. తీసేసరికి ఎదురుగా ముగ్గురు సీనియర్లు. పంచెలు కట్టుకున్నారు. భుజాన తువ్వాళ్ళు. ఒకడి చేతిలో పన్నీరుబుడ్డి.

"భోజనానికి దయచేయండి," అన్నారు ముగ్గురూ వంగి.

నా పైప్రాణాలు పైనే పోయాయి. తిట్టే సీనియర్‌కు నేను సిద్ధంగా ఉన్నాను. దయచేయండి అనే సీనియర్ గురించి అన్నయ్య ఏ జాగ్రత్తా చెప్పలేదు. ఇంత మర్యాద చేస్తున్నారంటే తరవాత ఏం చేస్తారో అనుకున్నాను. "చొక్కా మార్చుకొస్తానండీ" అని లోపలికెళ్ళి, అన్నయ్యకు మెసేజ్ కొట్టాను: "మొదలెట్టారు. రా." ఫోను దిండు కింద దూర్చి, దేవుడికి దండం పెట్టుకుని బయల్దేరాను.

మెస్‌లో బల్లలు వరసగా వేసి అరిటాకులు పరిచారు. ముద్దపప్పు, గుత్తివంకాయ, పులిహోర, బూరెలు. సాక్షాత్తూ వార్డెన్ గారే పులిహోర గంగాళం దగ్గర నిలబడి ఉన్నారు. నడిమధ్యలో మంగళగిరి కండువా వేసుకుని ఫైనలియర్ సీనియర్ ఒకతను. గుణదల అబ్బాయి. తిరనాళ్ళకు కొండెక్కే జనానికి వాళ్ళ ఇంటిల్లిపాదీ అన్నాలు వడ్డిస్తారట. ఈ ఆలోచన అతనిదే.

"కిందటేడాది మాలో ఒకడు జ్వరంతో పడుంటే ఎవరూ తలుపు తట్టలేదండీ," అన్నాడు. "ఎవరికి ఎవరూ తెలియదు కాబట్టి. అందుకని ప్రిన్సిపాల్ గారి కాళ్ళావేళ్ళా పడి అనుమతి తెచ్చుకున్నాం. ఇవాళ మీరు మగపెళ్ళివారు, మేం ఆడపెళ్ళివారం. మగపెళ్ళివారన్నాక అలగాలి. ప్రతి ఒక్కరూ ఏదో ఒకదానికి అలగాల్సిందే. మేం బతిమాలి అలక తీరుస్తాం. అప్పటిదాకా బంతిలోంచి లేవడానికి లేదు. కానివ్వండి, అలగండి!"

ఎవరలుగుతారు? సీనియర్ ముందు జూనియర్ అలగడమా? ఆకుల ముందు తలలు వంచుకుని కూర్చున్నాం. మొదటి కుర్రాడి దగ్గరికెళ్ళి అడిగితే, "నాకే లోటూ లేదు సార్, సత్యప్రమాణంగా లేదు సార్" అన్నాడు.

"అలాగంటే మా పరువేం కావాలండీ? కాస్త వెతికి చూడండి," అని సీనియర్ ప్రాధేయపడ్డాడు.

చివరికి అవనిగడ్డ నుంచి వచ్చిన బక్కపల్చటి కుర్రాడొకడు, కళ్ళు మూసుకుని, "పప్పులో ఉప్పు తగ్గింది" అనేశాడు. హాలు ఈలలతో ఎగిరిపోయింది. పప్పు వడ్డించిన సీనియర్ చెవులు పట్టుకుని గుంజీలు తీశాడు. సీనియర్! గుంజీలు! మేం కళ్ళప్పగించి చూశాం. ఆ తరవాత ఇంక ఎవరాపగలరు? ఫ్యాను నావైపు తిరగడం లేదని ఒకడు, బూరె గుండ్రంగా లేదని ఒకడు, నన్ను "గారు" అనలేదని మరొకడు. సీనియర్లు విసనకర్రలతో పరుగులు, కొత్త బూరెలతో పరుగులు, ప్రతి పేరుకూ గారు తగిలించి బతిమాలడాలు. నా వంతొచ్చింది. "బూరెలో నెయ్యి చాల్లేదు" అన్నాను దర్జాగా. అదే నేను చేసిన తెలివితక్కువ పని. నలుగురు నెయ్యి గిన్నెలతో వచ్చి మీద పడ్డారు. చేతులు అడ్డం పెడితే "మొహమాటం, మొహమాటం" అంటూ వేళ్ళ సందుల్లోంచి పోశారు. నవ్వలేక పొట్ట పట్టుకున్నాను. నా జీవితంలో అంత సంతోషంగా ఎప్పుడూ అరవలేదు.

"చాలండీ! వదలండీ! చచ్చిపోతానండీ బాబూ!"

సరిగ్గా అప్పుడే గుమ్మంలో అన్నయ్య ప్రత్యక్షమయ్యాడు. ఒళ్ళంతా గ్రీజు, చేతిలో మోచెయ్యంత స్పానరు.

"ఎవడ్రా మావాణ్ణి చంపేది?"

మెసేజ్ సంగతి అప్పుడు గుర్తొచ్చింది. కానీ నాకంటే ముందు సీనియర్లు తేరుకున్నారు. "మగపెళ్ళివారి పెద్దాయన వచ్చారు!" అని ఒకడు కేకేశాడు. "అదండీ అలకంటే! చూసి నేర్చుకోండి!" అన్నాడు ఇంకొకడు. హాలంతా చప్పట్లు. అన్నయ్య మొహం మీద పన్నీరు పడింది. "బరువుగా ఉంటుంది, నేను పట్టుకుంటానండీ" అని ఎవరో స్పానరు అందుకున్నారు. వాడు బిత్తరపోయాడు గానీ మెత్తబడలేదు.

"లే. పద ఇంటికి," అన్నాడు నాతో.

"అన్నయ్యా, నేను పొరపాటు పడ్డాను! ఇది ర్యాగింగ్ కాదు, భోజనం!"

"భోజనం పేరు చెప్పి ఏం చేస్తారో నాకు తెలుసు. లే."

వాడు మాట తప్పే మనిషి కాదు. గుటక పడని బూరెతో సహా నా చదువు అక్కడితో అయిపోయిందనుకున్నాను. ఏడుపొచ్చేసింది.

గుణదల సీనియర్ కండువా సర్దుకుని అన్నయ్య ముందుకొచ్చి, ఇంకా ఆటలోనే ఉండి, చేతులు జోడించాడు. "బావగారూ, కోప్పడకండి. ఏం లోటు జరిగిందో చెప్పండి. తీరుస్తాం."

అన్నయ్య అతన్ని చూశాడు. చెమటలు కారుతూ గిన్నెలు పట్టుకుని వంగి ఉన్న సీనియర్లను చూశాడు. నెయ్యిలో తేలుతున్న నా ఆకును చూశాడు.

"నన్ను కూర్చోనిచ్చేవాళ్ళు కాదు," అన్నాడు. "మా కాలేజీ మెస్‌లో. వాళ్ళు తిన్నంతసేపూ పళ్ళెం పట్టుకుని నించోబెట్టేవాళ్ళు. వాళ్ళు లేచేసరికి అన్నం అయిపోయేది. అక్కడున్నన్నాళ్ళూ నేను కూర్చుని అన్నం తినలా. అదీ లోటు."

అమ్మ ఎంత అడిగినా చెప్పనిది అదన్నమాట. గుణదల సీనియర్ ఇంక బావగారూ అనలేదు. కండువా తీసి నా పక్కన బల్ల తుడిచాడు.

"కూర్చో అన్నా," అన్నాడు.

అన్నయ్య కూర్చున్నాడు. ఎవరో గ్రీజు పోయేదాకా చేతుల మీద నీళ్ళు పోశారు. ఎవరో ఆకు వేసి నీళ్ళు చిలకరించారు. ఒక్కొక్కరే వచ్చి, అరుపులు లేకుండా, వాడు చెయ్యి ఊపేదాకా ఆగి వడ్డించారు. వాడు తలొంచుకుని రెండు ముద్దలు తిన్నాడు. నేను వాడివైపు చూసే ధైర్యం లేక పులిహోర కెలుకుతున్నాను. మూడో ముద్ద కలుపుతూ తలెత్తి, "ముద్దపప్పేసి ఆవకాయ మర్చిపోయారు. ఇదేం పెళ్ళండీ?" అన్నాడు.

పైకప్పు లేచిపోయింది. సీనియర్లందరూ వరసగా నిలబడి గుంజీలు తీశారు. వార్డెన్ గారు కూడా తీశారు.

ఆ గోలలో వాడి ఫోను మోగింది. అమ్మ. ఎడమచేత్తో తీసి భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకున్నాడు.

"లేదమ్మా, తీసుకురావట్లా. వాడిక్కడే చదువుకుంటాడు," అన్నాడు. ఆవిడేదో అడిగింది. అన్నయ్య ఆకులోకి చూసుకుని నవ్వాడు. "నేనా? నాకు ఆలస్యమవుద్దమ్మా. కూర్చుని తింటున్నా."