నేలకు తెలియకుండా ఎగరమన్న ఎస్తేరమ్మ టీచరు

జూలై నెల, రెండో శుక్రవారం, మదనపల్లె. సాయంత్రం నాలుగు గంటలు. సమాధి దగ్గర ఉన్నవారు: పాస్టరుగారు, కుప్పం నుంచి వచ్చిన టీచరు చెల్లెలు రూతమ్మ, పుంగనూరు పాత విద్యార్థినులు నలుగురు, హాస్టల్లో వంట చేసే మునెమ్మ, నేను. మబ్బు పట్టి ఉంది, వాన లేదు.

డైరీలో ఇంతవరకు రాసి ఆగిపోయాను. ఎస్తేరమ్మ టీచరు లేరన్న వాక్యానికి చేయి రాలేదు. ముందురోజు పొద్దున కూడా ఆమె నేల తడుపుతూ కనిపించారు. ఆ మధ్యాహ్నమే నిద్రలో వెళ్లిపోయారు.

మేమిద్దరం ఒకే బడిలో పనిచేశాం. నేను లెక్కలు, ఆమె డ్రిల్లు. రిటైరయ్యాక కూడా రోజూ పొద్దున బడి హాస్టలు వెనక మట్టినేల మీద నీళ్లు చల్లి, తడి ఇంకి నేల మెత్తబడ్డాక, వచ్చినవారికి తాడాట నేర్పేవారు. మొదట్లో చేతికి తాడు ఇచ్చేవారు కాదు. తాడున్నట్టే మణికట్టు తిప్పుతూ, మునివేళ్ల మీద, రెండు వేళ్ల ఎత్తు మాత్రమే ఎగరాలి. ఆమె కళ్లు మూసుకొని వినేవారు. పాదాల చప్పుడు వినబడని రోజే తాడు. మంచులో పదిమంది, చేతుల్లో లేని తాళ్లు తిప్పుతూ ఎగురుతుంటే, అది మెలకువలో చూస్తున్నట్టు ఉండేది కాదు నాకు.

ఆ నియమం వెనక ఒక గాయం ఉంది. పుంగనూరులో ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పిల్లకు పొడుగు తాడిచ్చి సిమెంటు వరండాలో ఎగరమన్నారట. తాడు కాళ్లకు చుట్టుకొని ఆ పిల్ల ముందుపళ్లు విరిగాయి. తప్పు తాడుది కాదు, తనదేనని కొత్తవారికి మొదటిరోజే చెప్పేవారు. అప్పటినుంచి ఎవరి తాడు వారికే కొలిచి కోసేవారు. తాడు మధ్యలో తొక్కి లాగితే రెండు కొసలూ చంకల దాకా రావాలి, అంతే.

నేనూ ఆమె శిష్యుణ్ణే. చక్కెర జబ్బు వచ్చాక చేరి, మూడోరోజుకే ఆగలేక మిద్దెమీద సొంతంగా ఎగిరి చీలమండ వాచేలా చేసుకున్నాను. కుంటుతూ వెళితే ఆమె తిట్టలేదు.

"మిద్దెకేం దెబ్బ తగల్లేదు గదా సారూ?" అని అడిగి, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టించారు.

చివరి శిష్యురాలు మునెమ్మ. గుడుపల్లె మనిషి, యాభై దాటింది. చిన్నతనమంతా గొర్రెల వెంటే గడిచింది. ఈ వయసులో ఎందుకని నేనే ఒకసారి అడిగాను.

"ఇరవై ఏండ్లుగా వంటింటి కిటికీలోంచి సూస్తాండాను. ఒక్కసారన్నా ఎగరాల గదప్పా" అంది.

మూడు వారాలు పట్టింది చప్పుడు తగ్గడానికి. ఆఖరి పొద్దున టీచరు, "ఒక్క మడమే ఇంకా ఇనపడతాండాది మునెమ్మా. రేపు సూద్దాం" అన్నారట. మునెమ్మ కొలతకు కోసిన తాడు అప్పటికే టీచరు గదిలో మేకుకు వేలాడుతోంది.

సమాధి నుంచి వచ్చాక, గది సర్దుతూ రూతమ్మ ఆ తాడు మునెమ్మకు ఇవ్వబోయింది. మునెమ్మ చేతులు వెనక్కు పెట్టుకుంది.

"అక్క ఇని ఇస్తానన్నింది. ఇనకుండా ఎట్ల తీసుకొనేది?"

రూతమ్మ తాడు నా చేతిలో పెట్టింది.

మరునాడు పొద్దున నేనే నేల తడిపాను. మునెమ్మ వచ్చి నేల మీద నిలబడ్డాక, టీచరు కూర్చునే బల్ల మీద కూర్చుని కళ్లు మూసుకున్నాను. రోడ్డు మీద టమాటా లారీ వెళ్లింది. బకెట్టు అంచునుంచి చుక్కలు పడటం వినబడింది. ఇన్నేళ్లు ఒకే బడిలో పాఠం చెప్పినా టీచరు చెవి నాకు రాలేదు, ఇక ఎవరికీ రాదు. చాలాసేపు వేచి, మునెమ్మ ఇంకా మొదలుపెట్టలేదేమోనని కళ్లు తెరిచాను.

ఆమె ఎగురుతూ ఉంది.