అత్తమ్మకు బదులు నేనెక్కిన రైలు

ఎయిర్‌పోర్టులో మనిషి ఒక దారిన, సామాను ఒక దారిన పోయి చివర్లో కలుసుకుంటాయి కదా. ఆ ఏర్పాటంతా ఒకసారి నేనొక్కణ్ణే మా ఊరి రైల్వే స్టేషన్లో చేసి చూపించాను. చివర్లో కలుసుకోవడం ఒక్కటే మర్చిపోయాను. ఆ ఘనకార్యం చెబుతాను, నవ్వుకోండి.

శంషాబాద్ ఎయిర్‌పోర్టులో కొత్తగా ఉద్యోగం వచ్చి, నా కాళ్ళు నేల మీద నిలవని రోజులవి. భీమవరం నుంచి మా అత్తమ్మ మా ఇంటికి వచ్చి ఉంది. మర్నాడు పొద్దున అక్కడ మా మరదలికి కాన్పు ఆపరేషన్. ప్యాసింజర్లో సికింద్రాబాద్ చేరి రాత్రి రైలు అందుకుంటేనే అత్తమ్మ కూతురి పక్కన ఉంటుంది. లేకపోతే ఆ పిల్ల తల్లి మొహం చూడకుండానే ఆపరేషన్ గదిలోకి పోవాలి. అత్తమ్మను రైలెక్కించే బాధ్యత నాది.

స్టేషన్ చూడగానే నాకు నవ్వొచ్చింది. నిజాం కాలం నాటి రాతి గోడలు, ఒక టికెట్ కిటికీ, ఒక నల్లా, ఒక బెంచీ. సౌకర్యాలంటే మా ఎయిర్‌పోర్టులో చూడాలని మొదలుపెట్టి, రైలొచ్చేదాకా వాయించాను. పాపం, ఆవిడ ఓపిగ్గా టీ తాగింది.

రైలొచ్చింది. మోకాళ్ళ నొప్పితో తోసుకోవద్దు, కిటికీ సీటు పట్టి పిలుస్తానని చెప్పి, సామానుతో పాటు ఆవిడ చేతిసంచీ కూడా పట్టుకుని ఎక్కాను. సీటు మీద రుమాలు వేశాను. పక్కనున్న పెద్దమనిషి, ఏం పని చేస్తావని అడిగాడు. అడక్కుండా ఉండాల్సింది. నా కథ రన్‌వే దాకా వచ్చేసరికి రైలు కదిలింది. కిటికీలోంచి చూస్తే అత్తమ్మ బెంచీ మీంచి లేచి చెయ్యి ఊపుతోంది. ఆగమనో, వెళ్ళి రమ్మనో ఇప్పటికీ నాకు తెలియదు.

ఫోన్ చేశాను. నా చంకలో ఉన్న సంచీ మోగింది. టికెట్లూ అందులోనే ఉన్నాయి.

తరవాతి స్టేషన్లో దిగి స్టేషన్ మాస్టర్ మేడం ముందు ఏడ్చినంత పని చేశాను. ఆవిడ నవ్వాపుకుంటూ మా స్టేషన్‌కు ఫోన్ కలిపింది.

"పరేషాన్ కాకు తమ్మీ. మీ అత్తమ్మ ఆడ్నే ఉన్నది. ఇంకో చాయ్ తాపిండ్రట. వాళ్ళే టికెట్ తీసి ఎనక బండి ఎక్కిస్తరు. నువ్వైతే ఈడికెళ్ళి కదలకు."

ఆ బండి వచ్చేదాకా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాను. వచ్చింది. అత్తమ్మ తలుపు దగ్గరే నిలబడి ఉంది. పరిగెత్తి సామాను, సంచీ అందించి, నేనూ మెట్టు మీద కాలు పెట్టబోయాను.

"సామాను చాలు బాబూ," అంది ఆవిడ ఎంతో మర్యాదగా. "మీరు మాత్రం ఎక్కకండి."

ఆ రాత్రి రైలు ఆవిడకు అందింది. మనవరాల్ని మొదట ఎత్తుకున్నదీ ఆవిడే. ఆ కబురు వినగానే మిఠాయి పట్టుకుని మా స్టేషన్‌కు వెళ్ళి, అందరికీ పేరుపేరునా దండం పెట్టాను. ఎయిర్‌పోర్టు ఊసెత్తలేదు. ఆ చిన్న స్టేషన్ చేసిన మేలు నేను బతికున్నన్నాళ్ళూ మర్చిపోను.

టికెట్ కిటికీలోని మేడం మిఠాయి అందుకుంటూ, "మీ అత్తమ్మ మల్ల వచ్చినప్పుడు జర ముందుగాల చెప్పు. మేమే ఎక్కిస్తం," అంది.

కాబట్టి మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరిని సాగనంపినా ప్లాట్‌ఫారం మీదే ఉంటాను. ఆ టీ తాగేది నేనే.