ఖిల్లాలో తప్పిపోయిన అవ్వ

నేను పని చేసే వృద్ధాశ్రమం హనుమకొండలో ఒక కాలేజీ వెనక సందులో ఉంది. ఇరవై ఇద్దరు పెద్దవాళ్లు ఉంటారు. మందులు, బీపీలు నర్సమ్మలు చూసుకుంటారు. టిఫినుకూ భోజనానికీ నడుమ వాళ్లకు పొద్దుపోయేలా చూడటం నా పని. అంతకుముందు పదిహేనేళ్లు ఒక చిన్న స్కూల్లో ఎల్‌కేజీ పిల్లలకు చదువు చెప్పాను. స్కూలు మూతపడ్డాక ఈ ఉద్యోగంలో చేరాను.

వచ్చిన కొత్తలో నాకు తెలిసిందే చేశాను. రంగులేసే పుస్తకాలు, స్కెచ్ పెన్నులు కొనుక్కొచ్చాను. అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి చప్పట్లు కొట్టించాను. కొందరు నన్ను చిన్నబుచ్చడం ఇష్టంలేక కొట్టేవారు. ఒక అవ్వ మాత్రం చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. మరిపెడ దగ్గరి పల్లె ఆమెది. జీవితమంతా ఆకుకూరలు పండించి సంతలో అమ్మింది. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయ్యాక, చెల్లెలి కొడుకు తీసుకొచ్చి ఇక్కడ చేర్పించాడు. ఒకరోజు నేను చిలుక బొమ్మ ఆమె ముందు పెట్టి, ఏ రంగు వేద్దామని ముద్దుగా అడిగాను.

"నేనేమన్న సంటిపిల్లనా బిడ్డా?" అంది. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగింది. నేను స్కెచ్ పెన్నుకు మూత పెట్టి, చిలుక బొమ్మ తీసేశాను.

ఆమెకు ఇక్కడ దొరికిన స్నేహితుడు, మేమంతా చాచా అని పిలిచే ఒక పెద్దాయన. ఆయన బస్సు కండక్టరుగా రిటైరయ్యాడు. ఎక్కువ కాలం మరిపెడ రూట్లోనే చేశాడట. "నీ కూరగంపకు లగేజీ టికెట్ కొట్టింది నేనే అక్కా" అని ఆటపట్టించేవాడు. "గప్పుడు గింత సన్నగున్నవ్ సాబ్, నిన్నెట్ల గుర్తువడుతం?" అని ఆమె నవ్వేది. ఆమె నవ్వగా నేను చూసింది ఆ మాటలప్పుడే.

చలికాలంలో ఒక రోజు మేనేజర్ మేడంను ఒప్పించి పదకొండు మందిని ఖిలా వరంగల్ కోటకు తీసుకుపోయాను. తోడుగా ఒక ఆయమ్మ వచ్చింది. వ్యాన్ కదలగానే చాచా లేచి, కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. కూర్చోమన్నా వినలేదు. "వర్ధన్నపేట, రాయపర్తి, తొర్రూరు, మరిపెడ! తొర్రూరు దిగేటోళ్లు ముంగటికి రాండ్రి!" అని గొంతెత్తాడు. మేం పోతున్నది ఆ దారే కాదు. అయినా వెనక సీట్లోంచి ఒకామె "నాకో హాఫ్ టికెట్" అంది. వ్యానంతా పకపకలాడింది. నా పాటలకూ చప్పట్లకూ ఒక్కసారీ అంత సందడి రాలేదు.

రాతి తోరణాల దగ్గర దిగి, నీడన దుప్పట్లు పరిచి, ఉప్మా తిన్నాం. నడవగలిగినవాళ్లు కాస్త దూరం నడిచారు. పన్నెండింటికి వ్యాన్ ఎక్కుతుంటే చాచా తలుపు దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ లెక్కపెట్టాడు. రెండోసారి లెక్కపెట్టాడు. తర్వాత నా వైపు తిరిగి, "ఒకరు తక్కువున్నరు మేడం. అక్క లేదు" అన్నాడు.

కర్ర పట్టుకుని నడిచే మనిషి. ఎక్కడైనా రాళ్ల మధ్య పడిపోయి ఉంటే? ఆయమ్మను మిగతావాళ్ల దగ్గర ఉంచి, డ్రైవర్‌ను ఒకవైపు పంపి, నేను ఇంకోవైపు పరుగెత్తాను. అడిగినవాళ్లంతా చూడలేదన్నారు. కోట లోపల ఇళ్ల మధ్య పొలాలున్నాయి. మట్టిగోడ పక్కన ఒక కూరగాయల తోట కనిపించింది. గట్టు మీద కాళ్లు చాపుకుని అవ్వ కూర్చుని ఉంది. మడిలో ఇద్దరు ఆడవాళ్లు మెంతికూర పీకి ఆమె పక్కన వేస్తున్నారు. ఆమె వేర్ల మట్టి దులిపి, సమంగా చేసి, నారతో చుట్టి కట్టలు పేరుస్తోంది.

"చెప్పకుండ వస్తరా అవ్వా? నా పానం పోయినంత పనైంది!" అని అరిచాను. క్లాసులోంచి బయటికి పోయిన పిల్లను కోప్పడినట్టే ఉంది నా గొంతు.

"చెప్తే నువ్వు పోనిత్తవా?" అంది అవ్వ, చేతిలో పని ఆపకుండా.

మడిలో ఉన్న ఒకామె లేచి నిలబడింది. "ఏమనకు అక్కా. ఒడ్డు మీద నిలవడి సూత్తాంటే మేమే కూసోవెట్టినం. మాకంటె జల్ది కడతాంది."

నిజమే. ఇన్ని రోజులూ ఒళ్లో కదలకుండా పడి ఉన్న ఆ వేళ్లు ఎంత చకచకా కదులుతున్నాయో చూస్తూ ఉండిపోయాను. కోపం ఎటు పోయిందో తెలియదు. ఆ కుప్ప అయ్యేదాకా పక్కనే కూర్చున్నాను. నేను కట్టిన కట్ట విప్పి మళ్లీ కట్టింది.

మేం వచ్చేసరికి చాచా ఇంకా ఎండలో వ్యాన్ తలుపు దగ్గరే ఉన్నాడు. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి. "ముప్పై ఏండ్ల సర్వీసుల ఒక్క పాసింజర్ను ఇడిసిపెట్టి రాలే అక్కా. ఇయ్యాల నా ఇజ్జత్ తీత్తివి."

"ఫికర్ జెయ్యకు సాబ్, వచ్చిన గద" అంటూ ఆమె ఒక మెంతికట్ట ఆయన చేతిలో పెట్టింది. దారి పొడవునా ఆయన దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని కూర్చున్నాడు. ఊళ్ల పేర్లు పిలవలేదు.

జరిగింది దాచకుండా మేనేజర్ మేడంకు చెప్పాను. నన్ను తిట్టింది. తిట్టడం న్యాయమే. షికార్లు కొన్నాళ్లు బంద్ అంది. నాలుగు రోజులాగి మళ్లీ ఆమె దగ్గరికే వెళ్లి, బట్టలారేసే పెరట్లో ఆకుకూరలు పెంచడానికి కొంచెం జాగా అడిగాను.

"మా పెద్దోళ్లతోటి కూలిపని చేపిస్తున్నరా అని ఇంటోళ్లు అడిగితే ఏం చెప్పాలె?" అంది.

"రమ్మని చూపిస్తా మేడం" అన్నాను. చివరికి ఒప్పుకుంది.

అవ్వ కిందికి వంగకూడదని డాక్టర్ చెప్పాడు. అందుకని పాత బల్లల మీద ప్లాస్టిక్ టబ్బులు పెట్టి మట్టి నింపాం. ఏది ఎప్పుడు చల్లాలో, ఎంత నీళ్లు పోయాలో అవ్వ చెప్పేది. మొదటివారం ఆమె, నేను, చాచా మాత్రమే. మొలకలు వచ్చాక కుర్చీలు ఒక్కొక్కటే పెరట్లోకి జరిగాయి. కొందరు కలుపు తీసేవారు. కొందరు ఊరికే కూర్చుని, తీసేవాళ్లకు వంకలు పెట్టేవారు. రంగుల పుస్తకాలు వాటిని ఇష్టపడే ఒక రిటైర్డ్ టైపిస్టమ్మకు ఇచ్చేశాను. ఆమె పెరట్లోనే, ఎండ తగిలేచోట కూర్చుని వేసుకుంటుంది.

ఒక ఆదివారం అవ్వ చెల్లెలి కొడుకు వచ్చాడు. మోచేతుల దాకా మట్టితో ఉన్న పెద్దమ్మను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. నేను మనసులో జవాబులు కూడగట్టుకుంటూ ముందుకు వెళ్లాను. ఈలోపు అవ్వే అతన్ని చూసింది.

"గట్ల కట్టెలెక్క నిలవడ్డవేందిరా? పైపు మీద కాలువెట్టినవ్, తియ్! నీళ్లు వస్తలెవ్వు!"

అతను గబుక్కున కాలు తీశాడు. తర్వాత నా వైపు తిరిగి, నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. "ఆపరేషన్ అయినకాన్నుంచి మా పెద్దమ్మ నన్ను తిట్టలేదు మేడం" అన్నాడు.

ఆ రోజు అతను భోజనానికి ఉన్నాడు. మా టబ్బుల్లో కోసిన మెంతికూరతో పప్పు. వంటామె ఉప్పు కాస్త ఎక్కువ వేసింది, అయినా గిన్నెలో ఏమీ మిగల్లేదు.