ఐదు వందల గ్రాముల ఇసుక

ఆ మధ్యాహ్నం పొలంలో ఉన్న మనుషులు: మేం పైలట్ అని పిలిచే, విమానం నడిపే నా స్నేహితుడు, దాన్ని చేత్తో కట్టిన మా క్లాసు అమ్మాయి, బొమ్మలు గీసి లెక్కలు వేసిన నేను, పొలం సొంతదారైన పైలట్ వాళ్ళ బాబాయి. ఉన్న వస్తువులు: మీటరున్నర రెక్కల థర్మాకోల్ విమానం, రిమోటు, ఛార్జి చేసిన బ్యాటరీలు, ఒక టేపు చుట్ట, పాలిథిన్ పొట్లంలో గోదావరి ఇసుక, అమ్మాయి వాళ్ళమ్మ కేకులకి పిండి తూచుకునే డిజిటల్ కాటా, బాబాయి తెచ్చిన ఉడికించిన తేగలు. కొంగలు కూడా ఉన్నాయి. వాటిని లెక్కపెట్టలేదు.

మాది ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం. విమానాల పోటీకి మమ్మల్ని తీసుకోవాలంటే నిర్వాహకులు ఒక వీడియో అడిగారు. ఐదు వందల గ్రాముల బరువు కెమెరా ముందు తూచి, విమానంలో పెట్టి, రెండు నిమిషాలు ఎగరేసి, దించాలి. వీడియో మధ్యలో ఎక్కడా కత్తిరించకూడదు. ఆ సాయంత్రం ఆరింటికి గడువు. పంపకపోతే ఏడాదిగా చేసిన పని అక్కడితో సరి. వచ్చే ఏడాదికి మేం కాలేజీలో ఉండం.

పొలానికీ అదే ఆఖరి రోజు. సార్వా కోతలు అయిపోయాయి. రెండో పంట దాళ్వాకి మర్నాడే నీళ్ళు వదులుతారని కాలవ నీళ్ళు చూసే లస్కరు చెప్పి వెళ్ళాడు. మేం ఎప్పుడూ ఎగరేసే గట్టు రోడ్డు మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా ధాన్యం ఆరబోసి ఉంది. అందుకని చక్రాలు ఊడదీసి, కోసిన వరి మోళ్ళ మధ్య పరుగెత్తి, చేత్తో విసరాలి. విసిరే పని అమ్మాయిది.

మొదటిసారి విసిరింది. మోటారు గట్టిగా అరిచింది, విమానం ముక్కు పైకెత్తింది, ఎత్తినట్టే ఎత్తి పొట్టమీద కూలబడింది. రెండోసారీ అంతే. మాలో ఎవరికీ ఆశ్చర్యం వెయ్యలేదు. ఆ ఓపిక అంతకుముందు కూలిన మూడుసార్లలోనే అయిపోయింది.

"ఏరా, దాన్ని చూసి కొంగలు కూడా లేవట్లేదేంట్రా?" అన్నాడు బాబాయి గట్టు మీద తేగ చీలుస్తూ.

"నువ్వు ఊరుకో బాబాయ్," అన్నాడు పైలట్. తర్వాత నా వైపు తిరిగాడు. "ఏంటండీ లెక్కల మాస్టారూ, మోటారు ఫుల్లు మీద ఉంది. ఇంకా ఎక్కడ తిప్పమంటారు?"

నా లెక్క మళ్ళీ చూసుకున్నాను. మోటారు అదే, ప్రొపెల్లరు అదే, రెక్క కొలతలు అవే. కొత్తలో ఇదే విమానం అంతే ఇసుక మోసుకుని కాలేజీ గ్రౌండు చుట్టూ తిరిగింది. అప్పటికి వీడియో సంగతి మాకు తెలియదు.

అమ్మాయి వచ్చి, ఇసుక పొట్లం తీసి పక్కన పెట్టి, ఖాళీ విమానాన్ని కాటా మీద పెట్టింది. గాలికి రెక్క కదలకుండా నేను అడ్డం నిలబడ్డాను. కట్టినప్పుడు పన్నెండు వందల యాభై గ్రాములు ఉండేది. ఇప్పుడు పద్నాలుగు వందల నలభై చూపించింది.

"మా అమ్మ కాటా తప్పు చూపించదు," అంది.

ఆ ఎక్కువ బరువు ఎక్కడి నుంచి వచ్చిందో వెతకాల్సిన పని లేదు, కళ్ళముందే ఉంది. కూలిన ప్రతిసారీ తోకే విరిగేది. హాస్టల్లో గ్లూ గన్‌తో జిగురు నింపి, ఐస్‌క్రీం పుల్లలు ఆనించి, టేపు చుట్టేవాళ్ళం. తర్వాత రెక్క కింద రెండు వేళ్ళు పెట్టి లేపి చూస్తే తోక కిందికి వాలేది. బ్యాటరీ అప్పటికే ముక్కు చివర ఉంది, ఇంక ముందుకి జరగదు. అందుకని ధవళేశ్వరంలో వలల కొట్టుకి వెళ్ళి, వలకి కట్టే సీసపు గుళ్ళు తెచ్చి ముక్కులో కూరేవాళ్ళం. వేళ్ళ మీద విమానం తిన్నగా నిలిచేది. నిలవగానే పని అయిపోయిందనుకుని పడుకునేవాళ్ళం. తోకలో జిగురు, దానికి సరిపడా ముక్కులో సీసం. మళ్ళీ జిగురు, మళ్ళీ సీసం. ముగ్గురికి ముగ్గురం సమతూకమే చూశాం, మొత్తం తూకం చూడలేదు. కాటా అమ్మాయి వాళ్ళింట్లో ఉండేది. ఇసుక తూచాలన్న నిబంధన లేకపోతే ఆ రోజూ వచ్చేది కాదు.

"సీసం పీకేద్దామా?" అన్నాడు పైలట్.

"పీకితే తోక బరువుకి వెనక్కి తిరగబడుతుంది," అన్నాను.

"జిగురు పీకితే?"

"తోక నీ చేతికొస్తుంది," అంది అమ్మాయి.

ఆ మోటారూ ఆ రెక్కా మోస్తాయని నేను లెక్క వేసిన మొత్తం బరువు పదిహేడు వందల యాభై. అందులోంచి విమానం బరువు తీసేసి, ఇసుకకి మిగిలిందెంతో చెప్పాను.

"అంత పెడితే ఏంటి లాభం? తీసుకోరుగా," అన్నాడు పైలట్. రిమోటు మెడలోంచి తీసెయ్యబోయాడు.

"తీసుకోకపోతే మానెయ్యనీ. రేపు ఇక్కడ నీళ్ళుంటాయి. దీన్ని అటక మీద పెట్టేముందు ఒక్కసారి బరువుతో ఎగరడం నేను చూడాలి." అమ్మాయి అలా అంటూనే పొట్లం విప్పి, ఇసుక గుప్పెడు గుప్పెడు కింద పోస్తూ కాటా చూస్తోంది. జిగురు కాల్చిన మచ్చలు ఆమె వేళ్ళ మీద ఇంకా మానలేదు.

"పిల్ల అడుగుతుంటే నీకేంట్రా నెప్పి? ఎగరెయ్యి," అన్నాడు బాబాయి. గట్టు దిగి వచ్చి, ఆమె పరుగెత్తే దారిలో ఎత్తుగా ఉన్న మోళ్ళని చెప్పులతో తొక్కాడు.

నేను ఫోన్లో వీడియో మొదలుపెట్టి ముందు కాటా అంకె చూపించాను. ఆమె పొట్లం విమానంలో పెట్టి, పరుగెత్తి విసిరింది. విమానం కొంచెం దిగింది, దిగి నిలదొక్కుకుంది, మెల్లగా పైకి లేచింది. కొంగలన్నీ ఒక్కసారి లేచి పక్క చేలో వాలాయి. "ఇప్పుడు లేచాయి," అన్నాడు బాబాయి. పైలట్ చెరువుగట్టు వైపు వంపులు తిప్పుతూ అడిగిన రెండు నిమిషాలూ నడిపి, మోళ్ళ మీద పొట్టతో మెత్తగా దించాడు. తోక ఊడలేదు.

గడువులోపే వీడియో పంపాం. అంకె దాచలేదు. జవాబు ఏమొస్తుందో మాకు తెలుసు, అదే వచ్చింది. పొట్లం విప్పి ఇసుక చేలోనే పారబోశాం. బాబాయి తేగలు మిగిలినవి మాకిచ్చి, గట్టుకి మట్టి వెయ్యడానికి పార తీసుకుని వెళ్ళిపోయాడు. అమ్మాయి కాటాకి అంటిన ఇసుకని చున్నీతో తుడిచింది, రాత్రికి వాళ్ళమ్మకి ఒక కేకు ఆర్డరుంది. రాజమండ్రి వెళ్ళే ఆటోలో విమానాన్ని ముగ్గురి ఒళ్ళో అడ్డంగా పెట్టుకున్నాం. మోకాళ్ళ మీద బరువుగానే ఉంది.

అది ఆ రోజు మోసిన ఇసుక: మూడు వందల పది గ్రాములు.