సన్న తలకట్టు

ఈ ఉదయం గేటు సందులోంచి ఎవరో కార్డు పడేసి వెళ్ళారు. నాలుగు మూలల్లో ఎక్కడా పసుపు లేదు. పదిరోజుల కిందట పోయిన మా మావయ్య పెద్దకర్మ కార్డని చదవకుండానే తెలిసింది. ఏడవాల్సిన దాన్ని, కళ్ళజోడు వెతుక్కుని ముందు అక్షరాల తలకట్లు చూడబోయాను. అనుమానం ఆ ఇంటి జబ్బు. నాకూ అంటింది.

ఏలూరులో శుభలేఖల ప్రెస్సు నడిపిన మావయ్య, పాలవాడు నవ్వుతూ పలకరించాడంటే ఆ పూట పాలు రెండుసార్లు చూసి పోయించుకునే మనిషి. కాగితం కట్ట వస్తే చెవి దగ్గర ఆడించి, వాసన చూసి, మధ్యలోంచి ఒక షీటు లాగి ఎండకు పెట్టేవారు. అలాంటాయన ముందు ఆయన కూతురు, అంటే నా మరదలు, వట్లూరు కాలేజీలో చదువు ముగించి వచ్చి, తనే కంప్యూటర్లో గీసిన తెలుగు అక్షరాలు పరిచింది. కింద ఒళ్ళు బొద్దుగా, నెత్తిన తలకట్టు వెంట్రుకంత సన్నంగా, ఎంత ముచ్చటగా ఉన్నాయో! తాడేపల్లిగూడెం వర్తకుల ఇంటి పెళ్ళికార్డు వాటితోనే బంగారు రంగులో వేయాలని పట్టుబట్టింది. తన అక్షరం అచ్చులో పడటం అదే మొదటిసారి. సెలవులకి వెళ్ళి అక్కడే ఉన్నాను కనుక ఆ పంతమంతా చూశాను.

మావయ్య కాదనలేదు. తడిపిన పసుపు తెప్పించి, నమూనా కార్డు మూలల్లో అత్తయ్య చేత పెట్టించారు. అత్తయ్యది ధారాళమైన చెయ్యి. మూలనున్న పేర్ల మీద బంగారు తలకట్లు పసుపులో కలిసిపోయాయి.

“పసుపు తగిలితే ఆగని అక్షరం పెళ్ళికెందుకమ్మా?” అన్నారు.

“పేర్లు మూలలకి దూరంగా జరుపుతాను నాన్నగారూ. గీత మాత్రం ముట్టుకోకండి,” అంది.

సరేనన్నారు. అంత తేలిగ్గా సరేనన్నారంటేనే నాకు అనుమానమేసింది. అనుకున్నంతా అయింది. అచ్చుకి వెళ్ళేముందు డీటీపీ ఆపరేటర్ని పక్కకి పిలిచి తలకట్లన్నీ లావు చేయించారు. వర్తకులు కార్డు చూసి మురిసిపోయారు. మరదలు మాత్రం ఒకటి చేతిలోకి తీసుకుని, “ఇవి నా అక్షరాలు కావండీ,” అంది. నాన్నగారూ అని పిలవలేదు. నెలరోజులు ఆయనతో మాట్లాడలేదు.

తరవాత ఆ ప్రెస్సులోనే కూర్చుంది, లావు చేసిన ఆ ఫైలుని మాత్రం మళ్ళీ తెరవలేదు. అప్పట్నించీ ప్రతి కార్డూ ఇద్దరూ వంతులవారీగా భూతద్దం పెట్టి చూసేవారు. గీత చెరిగిందేమోనని ఆయన, లావెక్కిందేమోనని ఈమె. మధ్యలో అత్తయ్య కాఫీలు అందించలేక విసిగిపోయేది.

ఇవాళ్టి కార్డుకి పసుపు పెట్టేవాళ్ళు లేరు, లావు చేయించే మనిషీ లేరు. వెంట్రుకంత గీత నిశ్చింతగా వేసుకోవచ్చు, వేసుకునే ఉంటుంది అనుకుంటూ కార్డు వెలుతురులోకి ఎత్తాను. తలకట్లన్నీ లావుగా ఉన్నాయి, ఆనాడు ఆయన చేయించినంత లావుగా. అప్పుడొచ్చింది నాకు ఏడుపు. ఫోన్ చేసి ఇదేమిటని అడిగాను.

“సన్నగా వేస్తే మళ్ళీ లావు చేయిస్తారేమోనని భయమేసింది వదినా,” అంది.

ఇలాంటి కార్డు చదవగానే చింపేయాలి, ఇంట్లో ఉంచరు. నేను బీరువాలో చీర మడతల్లో పెట్టాను. ఏళ్ళు గడిచేకొద్దీ ఈ గీతా చెరుగుతుందేమో మరి, నాకు మాత్రం అనుమానమే.