బియ్యం డబ్బాలో వదిన గొంతు

ఈ ప్రయాణానికి కారణం తుర్కయంజాల్‌లో ఉండే మా వియ్యపురాలు. నన్ను వదినా అంటుంది, నేనూ ఆవిడను అంతే. ఒకప్పుడు ఆవిడ పిలిస్తే వీధి చివర ఆటోలు ఆగేవి. కిందటేడు గొంతుకు ఆపరేషన్ అయ్యాక గుసగుస తప్ప మాట రాదు. మా ఇద్దరి మనవరాలికి పసితనంలో ఆవిడ పాడిన లాలిపాట ఒక్కటే ఆ గొంతుకు మిగిలిన గుర్తు. అది నా పాత మ్యూజిక్ ప్లేయర్‌లో ఉంది. వినమని ఇస్తే రెండో రోజే అది మూగబోయింది.

దాన్ని బాగుచేయించడానికి ఇద్దరం పదకొండింటికి ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కాం. మూడో స్టేషనే దిల్‌సుఖ్‌నగర్, పది నిమిషాలు కూడా పట్టదు. ఆ కాస్త దారిలోనే నేను ఫిజిక్స్ పాఠం కానిచ్చేశాను. బండెడు కంప్యూటర్ డిస్కును ఇంజనీర్లు కుదించి కుదించి జేబులోకి తెచ్చారు. ఈ ప్లేయర్‌లో ఉన్నదీ అలాంటి డిస్కే. లోపల రూపాయి బిళ్లంత పళ్లెం గిర్రున తిరుగుతుంటే, దాన్ని తాకకుండా చిన్న ముల్లు పైన తేలుతూ పాట చదువుతుంది. తిరిగే భాగాలే లేని చిప్‌లు చవకయ్యాక దాని పని అయిపోయింది. వదిన కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

స్టేషన్ దిగి ఐదు నిమిషాలు నడిస్తే రిపేరు దుకాణం. మెకానిక్ ప్లేయర్ మూత తీయగానే నాలుగు గింజలు రాలాయి.

"అమ్మా, గీ బియ్యమేంది?"

"ఫోన్ ఖరాబైతె బియ్యంల పెడ్తరు గద," వదిన గుసగుసలాడింది.

"తడిసిన ఫోనుని వదినా! ఇదెక్కడ తడిసింది?"

"ముందుగాల కొట్టి సూస్తి. పాడలే."

మెకానిక్ తల పట్టుకున్నాడు. "ముందే వదులైన తీగ మీ దెబ్బకు పూర్తిగ ఊడింది. డిస్కు బతికుందో లేదో సూడాలె." తీగ తగిలించి వదిన చేతికిచ్చాడు. "చెవికి పెట్టుకోండ్రి. టిక్కుటిక్కుమంటె ఖతం. సన్నగ గుయ్యిమంటె ఉన్నట్టు."

వదిన కళ్లు మూసుకుంది.

"గుయ్యి," అంది.

మళ్లీ ఆగిపోతుందేమోనని అతను ముందు పాటను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, తర్వాత స్పీకర్ పెట్టాడు. పక్క దుకాణాల వాళ్లు తొంగిచూశారు.

"గంత లొల్లి జేస్తుంటినా వదినా?"

"ఇంకా ఎక్కువే. మైకు భయపడి తగ్గించింది."

వదిన నవ్వింది, శబ్దం లేకుండా. మళ్లీ పెట్టమని వేలు చూపించింది. మూడుసార్లు విన్నాం.

ఒంటిగంటకు తిరుగు మెట్రో ఎక్కాం. ఈ చిన్న డిస్కుల కాలం అయిపోయిందంటారు. నా గురించీ అదే అంటారు కాబట్టి వాటిమీద నాకు అభిమానం. మీ ఇంట్లో అలాంటి ప్లేయర్ ఉంటే, పలుకుతున్నప్పుడే అందులోవి వేరేచోటికి ఎక్కించుకోండి. పలకడం మానేస్తే కొట్టకండి, చెవికి పెట్టి వినండి. బియ్యం మాత్రం వండుకోండి.