ఆ ఏడాది వాన పడలేదు

ముందుగా ఒక విషయం తేల్చేస్తాను. ఆ ఏడాది వాన పడలేదు. పోయిన నెల మా అన్నయ్య షష్టిపూర్తిలో అతని కొడుకు మైకు పట్టుకుని, తండ్రి చేసిన మేళ్లన్నీ వరసపెట్టి చెబుతూ నా దాకా వచ్చాడు. "మా మేనత్త కారం మిల్లు పెట్టిన మొదటి ఏడాదే అకాల వర్షానికి సరుకంతా తడిసి బూజు పట్టిపోయింది. మా నాన్న పంపిన కాయతోనే ఆవిడ మళ్లీ నిలబడింది" అన్నాడు. వంటవాళ్లు కూడా గరిటెలు ఆపి చప్పట్లు కొట్టారు. నా పక్క కుర్చీలో ఉన్న మా మేనకోడలు ఇంకో అడుగు ముందుకేసి, ఆ వానలో తను కాగితప్పడవలు వదిలానంది. అప్పటికి ఆ పిల్ల పాకుతోంది. పాకే పిల్ల పడవలు ఎలా చేసిందమ్మా అని అడిగితే, "అబ్బా అత్తా, నీకు అన్నిటికీ వాదనే" అని ఐస్‌క్రీం తెచ్చుకోడానికి లేచి వెళ్లిపోయింది. మా వాళ్లందరికీ ఆ వాన గుర్తుంది. ఒకరికి ఉరుములు కూడా గుర్తున్నాయి. నాకు మాత్రం నెర్రెలిచ్చిన నల్లరేగడి, బస్సు కిటికీలోంచి కొట్టిన వేడిగాలి, నాలుక మీద దుమ్ము గుర్తున్నాయి. అంతమంది జ్ఞాపకం ఒకవైపు, నాదొక్కటీ ఒకవైపు. అయినా సరే, నేను తగ్గను.

సెల్‌ఫోన్లు ఇంకా అందరి చేతుల్లోకీ రాని రోజులు. నేను చిలకలూరిపేటలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేదాన్ని. తేమ గురించి, ఆవిరి గురించి నల్లబల్ల మీద సమీకరణాలు రాసి పిల్లల్ని బెదరగొట్టిన మనిషిని. ఆ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత నవ్వుకోడానికి పనికొస్తుంది. ప్రిన్సిపాల్‌తో ఒక రోజు మాటామాటా వచ్చి రాజీనామా ఇచ్చేసి, కారం పట్టి ప్యాకెట్లు కట్టి అమ్ముతానని ఇంట్లో ప్రకటించాను. వీధి వీధంతా నా మొహం వంక జాలిగా చూసింది. మా వైపు ఎండాకాలం ముందు ఏడాదికి సరిపడా కాయ కొని, డాబా మీద ఎండబెట్టి, తొడిమలు తీసి, మిల్లు దగ్గర నిలబడి కళ్లెదుట కారం పట్టించుకోవడం గృహస్థు ధర్మం. కొట్లో కారం కొనుక్కున్న ఇంటిని చూస్తే పొయ్యి వెలగని ఇంటిని చూసినంత జాలి. "మిరపకాయల ఊళ్లో కారం ఎవరు కొంటారే, గోదావరి ఒడ్డున నీళ్ల ప్యాకెట్లు అమ్మినట్టు" అంది మా అత్తగారు. అంటూనే ఇంటి వెనక గొడ్లచావిడి ఖాళీ చేసి ఇచ్చింది. అది ఉత్తినే కాదు. "ఉగాదికి నీ మిల్లు తిరక్కపోతే నా గేదెలు లోపలికొస్తాయి. మళ్లీ ఆ ఊసెత్తకూడదు" అంది. ఆ గేదెలు రెండూ వేపచెట్టు కింద నిలబడి, తమ ఇంట్లోకి దిగిన నా మిషన్ వంక రోజూ చూస్తూ ఉండేవి.

కాయ కోసం గుంటూరు మిర్చి యార్డుకి వెళ్లాను. ఎర్రటి గుట్టల మధ్య నడుస్తుంటే కళ్లూ ముక్కూ ఏకమయ్యాయి, అయినా గొప్పగా ఉంది. అక్కడ ధర నోటితో చెప్పరు. కొనేవాడూ అమ్మించేవాడూ చేతుల మీద తువ్వాలు కప్పుకుని, దాని కింద ఒకరి వేళ్లు ఒకరు పట్టుకుని నొక్కుకుంటారు. ఏ వేలు ఎంతో వాళ్లిద్దరికే తెలుస్తుంది. పక్కవాడికి తెలిసేది తువ్వాలు కదలడం మాత్రమే. నాకు కాయ నచ్చింది, చెయ్యి చాపాను. కమిషన్ వ్యాపారి నా చేతిని, ఆకాశాన్ని, తన చెప్పుల్ని వరసగా చూశాడు.

"మీ చెయ్యి నేను పట్టుకోలేనమ్మా. యార్డంతా చూస్తది. ఇంట్లో మగాళ్లెవరినైనా పంపండి."

"చెయ్యి సంగతి వదిలెయ్యండి. ధర నోటితో చెప్పండి."

"నోటితో చెబితే అది బేరం కాదండీ, దండోరా."

మా ఆయన దాచేపల్లి అవతల సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేస్తూ ఆదివారాలు మాత్రమే ఇంటికొచ్చేవారు. ఆ చేతికి సిమెంటు తెలుసు గానీ మిరపకాయ తెలియదు. ఇక మిగిలింది మా అన్నయ్య. మార్టూరు వైపు మా పుట్టింట్లో మిరప వేస్తాడు. అన్నాచెల్లెళ్ల మధ్య తువ్వాలెందుకు? మా నడవాలో కూర్చుని నోటితోనే బేరం అయిపోయింది. అసలు బేరమే లేదు. అతను ఒక ధర అన్నాడు, నేను సరే అన్నాను. కూడబెట్టుకున్నదంతా ఆ ఒక్క సరుకులో పెట్టాను. "ఉద్యోగం చేసుకోక నీకెందుకమ్మా ఈ గోల" అని ఒక్క మాట అన్నాడు. అది అన్నయ్య అనాల్సిన మాటే కాబట్టి పట్టించుకోలేదు.

ట్రాక్టర్ వచ్చింది. బస్తాలన్నిటి మీదా, పాత చీరలో కట్టిన చిన్న మూట ఒకటి పైన కూర్చుని వచ్చింది. "ఇది మీ ఇంటి కారానికంట" అని డ్రైవర్ దాన్ని విడిగా నా చేతికిచ్చాడు. మూటని అటక ఎక్కించి, బస్తాలు చావిడిలో పేర్పించి, త్రీఫేజ్ కరెంటు కోసం లైన్‌మన్ చుట్టూ తిరగడం మొదలుపెట్టాను. బస్తాలు విప్పి చూసుకోవద్దా అని ఈమధ్య కూడా ఒకాయన నాకు పాఠం చెప్పబోయాడు. యార్డులో అయితే ప్రతి బస్తాలోనూ మోచేతి దాకా చెయ్యి దూర్చి, అడుగునుంచి కాయ లాగి విరిచి చూస్తారు, నిజమే. పుట్టింటి బస్తాకి ఎవరైనా ఆ పని చేస్తారా? పసుపు కుంకుమలతో పెట్టిన చీరని, పెట్టినవాళ్ల ముందే మూర వేసి కొలిచినట్టుంటుంది. ఏ ఇంటి ఆడపిల్లా చెయ్యదు. మా ఇంటికి వచ్చి ఆ ఒకాయనే విప్పి చూపించమనండి.

చివరికి కరెంటు వచ్చింది. మంచిరోజు చూసి మిషన్‌కి పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టాం. వీధిలో ఆడవాళ్లందరూ వచ్చారు, సగంమంది దీవించడానికి, సగంమంది చూసి పోవడానికి. అందరూ ముందు జాగ్రత్తగా చెంగులు ముక్కులకి అడ్డం పెట్టుకున్నారు. ఎండుమిరప బస్తా మూతి విప్పితే ఆ గదిలో ఎవరూ తుమ్మకుండా ఉండలేరు. కుట్టు తెంపాను. బస్తా నోరు తెరుచుకుంది. ఒక్కరూ తుమ్మలేదు.

చెంగులు ఒక్కొక్కటే కిందికి దిగాయి. ఘాటు లేదు. పాతబడ్డ బావిగోడ వాసన వచ్చింది. చెయ్యి దూర్చాను. లోపల గోరువెచ్చగా, జ్వరం వచ్చిన పిల్ల వీపులా ఉంది. ఒక కాయ విరిచాను. గలగలా విరగాల్సిన కాయ తోలులా వంగి, చీలిన చోటునుంచి బూడిదరంగు దుమ్ము వదిలింది. రెండో బస్తా విప్పాను, మూడోది విప్పాను. తర్వాత విప్పడం ఆపి, అక్కడే కూర్చుండిపోయాను. ఎవరో పిల్ల "కారం ఏదమ్మా" అని తల్లిని అడిగింది, తల్లి దాని నోరు మూసింది. మా అత్తగారు మాత్రం ఒక కాయ తీసి వాసన చూసి, బయట గేదెల వైపు ఒకసారి చూసి, కొబ్బరిముక్కలు పంచడం మొదలుపెట్టింది.

చేతిరుమాల్లో గుప్పెడు కాయలు మూటగట్టుకుని అప్పటికప్పుడు బస్సెక్కాను. వేసంగి ఎండ, పుట్టింటి కల్లం. అన్నయ్య ఎర్రటి కుప్ప పక్కన నిలబడి ఉన్నాడు. కూలీ ఒకతను వీపుకి మందుకొట్టే స్ప్రేయర్ తగిలించుకుని, ఆ కుప్ప మీద తీరిగ్గా మంచినీళ్లు చల్లుతున్నాడు. ఎండలో ఆ తుంపరకి చిన్న ఇంద్రధనుస్సు కూడా కట్టింది. నేను అక్కడే నిలబడిపోయాను. కెమిస్ట్రీ చదవని వాళ్లకైనా అర్థమయ్యే ప్రయోగం.

"ఏమ్మా, ఇంత ఎండలో వచ్చావు? కబురు పెడితే నేనే వచ్చేవాణ్ని కదా" అన్నాడు అన్నయ్య.

రుమాలు విప్పాను. ఒక కాయ తీసుకుని విరిచి, దుమ్ము ఊదాడు. "బూజు పట్టిందే. గాలి తగిలేట్టు పెట్టలేదా?"

"నా బస్తాలకీ నీళ్లు కొట్టావా?"

"కొట్టకపోతే ఎట్టా? ఎండిన కాయని బస్తాలో తొక్కితే పొడైపోద్ది. పార్టీకి ఎట్టా పంపుతానో అట్టాగే పంపాను."

పార్టీ అంటే కొనేవాడు. "పార్టీ ఆ సాయంత్రమే అమ్మేసుకుంటాడు. నేను కారం పట్టాలన్నయ్యా" అన్నాను.

"అది నాకెట్టా తెలుస్తది?"

"కారం మిల్లు పెట్టింది మరి నువ్వులు ఆడించడానికా?"

కూలీలు నవ్వారు. అన్నయ్య కూడా నవ్వాడు. నా కాళ్లకింద నేల కదిలింది ఆ నవ్వుకే. బుకాయిస్తే పోట్లాడేదాన్ని, కోప్పడితే రెండింతలు కోప్పడేదాన్ని. ఆ మొహంలో కొంచెమైనా తత్తరపాటు లేదు. "ముందు నీడకి రా, మజ్జిగ తాగు" అన్నాడు, నేను చిన్నప్పుడు బడినుంచి వచ్చినప్పుడు అన్నట్టే. నీళ్లు కాయ నలక్కుండా కాపాడతాయి, తూకం కూడా పెంచుతాయి. ఆ రెండోది అతను అనలేదు, నేనూ అనలేదు.

మజ్జిగ తెచ్చిన మా వదిన ఇంకో దెబ్బ కొట్టింది, పాపం తెలియకే. "ఆ చిన్న మూట బాగుందా వదినా? తొడిమలు నేనే తీశాను. మీ అన్నయ్య దాన్ని విడిగా డాబా మీద ఎండబెట్టించారు. 'దానికి చుక్క తగలనివ్వకండి, అది అమ్మాయికి' అని దగ్గరుండి మరీ కట్టించారు" అంది. గ్లాసు నా చేతిలోనే ఉంది. తాగానో లేదో గుర్తులేదు.

ఇంట్లో మా అమ్మ అంతా విని, తలుపు దగ్గరికి వేసింది. "అన్న మోసం చేశాడని నువ్వు అత్తింట్లో అంటే వాడికి తలవంపులు, నీకూ తలవంపులు. వాన పడిందని చెప్పు" అంది.

"పడని వాన పడిందని ఎట్టా చెప్పనమ్మా?"

"ఆకాశం ఏమీ అనుకోదు. మనుషులు అనుకుంటారు."

ఆ వాన అక్కడ పుట్టింది, మూసిన తలుపు వెనక, మా అమ్మ నోట్లో. సాయంత్రానికి పక్కింటి దాకా, ఉగాదికి మూడు ఊళ్ల దాకా కురిసింది. నేను చెప్పలేదు. చెప్పకపోవడం తప్ప దాన్ని ఆపడానికి నేను చేసిందీ ఏమీ లేదు, ఆ రోజు నాకు నోరు పెగల్లేదు. నన్ను ఎరిగినవాళ్లు ఈ మాట నమ్మరు.

తిరిగొచ్చి బస్తాలన్నీ చేను గట్టున గోతిలో పూడ్పించాను. అటక మీదున్న చిన్న మూట దించి విప్పాను. వీధి చివరిదాకా తుమ్ములు. మా అత్తగారు తుమ్మి తుమ్మి, కళ్లు తుడుచుకుని, "ఇదీ కాయంటే" అంది. దాన్నే కారం పట్టి, చిన్న ప్యాకెట్లు కట్టి, పొన్నూరు తీసుకెళ్లాను. అది వరి ఊరు. మిరప పండదు కాబట్టి అక్కడ కారం కొనడంలో సిగ్గు లేదు. మొదటి కిరాణా కొట్టాయన చిటికెడు నాలుక మీద వేసుకుని, చెంబెడు నీళ్లు తాగాడు. తర్వాత "ఇంకా ఎంతుందండీ?" అన్నాడు. ఇంకేముంది, ఏమీ లేదు. ఇంటికొచ్చి ఆ మాట చెబితే, మా అత్తగారు మర్నాడు గేదెలు రెండిటినీ సంతకి తోలించింది. "గేదెలే లేకపోతే గొడ్లచావిడితో నాకేం పని" అంది. ఆ డబ్బు కొంగున ముడేసుకుని నాతో యార్డుకి వచ్చి, కాలం చేసిన మామగారి పాత తువ్వాలు తన చేతిమీద తనే కప్పుకుని, ఆ కమిషన్ వ్యాపారి ముందుకి చాపింది. "పట్టుకోరా అబ్బాయ్. మీ అమ్మ ఈడుదాన్ని, నీకేం భయం లేదు." పొగాకు బేరాలకి పోయేముందు మామగారు అరుగు మీద కూర్చుని ఆవిడ చేతిమీదే వేళ్లు సాధన చేసేవారట. ఆ తువ్వాలు కింద పరాయివాడితో చేసిన బేరంలో ఒక్క కాయ చెడ్డది రాలేదు.

కాబట్టి మా మేనల్లుడు చెప్పినదాంట్లో సగం నిజమే, అదే నన్ను ఎక్కువ కాలుస్తుంది. మా అన్నయ్య కాయతోనే నేను నిలబడ్డాను. మా అన్నయ్య కాయతోనే కూలబడ్డాను కూడా. షష్టిపూర్తి భోజనాలయ్యాక అతని పక్కన కూర్చుని, ఇన్నేళ్లకి మళ్లీ అడిగాను. ఆ ఏడాది వాన పడిందా అన్నయ్యా అని. "పడలేదంటావేంటమ్మా? కుప్పల మీద పట్టాలు కప్పుతూ నేను తడిసి ముద్దయ్యాను కదా" అన్నాడు. ఆ మొహంలో అబద్ధం కోసం వెతికాను. లేదు. నిజంగానే తడిశాడు పాపం. పాతికేళ్లు గడిస్తే పడని వానకి కూడా నేల నానుతుంది, అందులో కాగితప్పడవలు కూడా తేలతాయి. ఇక అతన్ని అడిగి లాభం లేదని తెలుసు, అందుకే ఇక్కడ అడుగుతున్నాను. ఒకే కల్లంలో, ఒకే పూట, కుప్ప మీద నీళ్లు కొట్టిస్తూ, చిన్న మూటకి చుక్క తగలకుండా అడ్డం నిలబడ్డావు కదా అన్నయ్యా, ఆ రెండూ దిగేది ఒకే గడపలోనని ఆ పూట నీకు తెలుసా, తెలియదా?